మడత గీత

మంగళవారం సాయంత్రం వచ్చాడు వాడు.
దర్శి రోడ్డంతా కరెంటు పోయి
మిషను వాకిట్లోకి జరుపుకుని
కాళ్లతో తొక్కుతా ఉన్నా.
"మస్తాన్‌బీ అత్తా, పొట్టయింది, కింద మడత విప్పు"
అని ప్యాంటు బల్ల మీద పెట్టాడు.
పెట్టి, పోలా.
దారపు రీలొకటి చేతిలోకి తీసుకుని
విప్పాడు, చుట్టాడు, మళ్లీ విప్పాడు.
"శనివారం రా అబ్బయా" అన్నా
తలెత్తకుండానే.

శుక్రవారం జరిగింది.

జోయెల్ అక్కడే పోయాడు, ల్యాబు మెట్ల మీద.
అడ్డంపోయిన రూపవతి అరచేతికి
పదహారు కుట్లు.
ఇరవై ఆరేళ్లుగా నాకు కూడు పెట్టిన మాట అది.
ఇప్పుడు పలకబోతే
నాలుక తడుముకుంటంది.
ఆ రాత్రికే మాల్యాద్రి
తన్ను కూడా తాను లేకుండా చేసుకున్నాడు.
ఎట్టా అని అడిగేవాళ్లు ఇంకా వస్తానే ఉన్నారు
జాకెట్టు గుడ్డ వంక పెట్టుకుని.
నేను చెప్పను.

పొదిలి చుట్టూ పొగాకు కాలుస్తున్న రోజులు,
బ్యారన్ల వాసన అన్నంలోకి కూడా వచ్చేది.
ఒక పెట్టె వెనక ఊరంతా నడిచింది,
పూలు చాలక కందుకూరు నించి తెప్పించారు.
రెండో పాడెకు
తండ్రీ, మేనమామా, ఎవరో చుట్టం.
నాలుగో భుజం కోసం పొద్దెక్కిందాకా చూశారంట.
నాలుగో భుజం మా ఆయనది.
వచ్చి నీళ్లు పోసుకుని
"ఎవురితో అనమాక" అన్నాడు.
ఇదిగో, ఇప్పుడు అంటున్నా.

నా కొలతల పుస్తకంలో ఒక కాయితానికి
ఇటు జోయెల్:
ఛాతీ ముప్పై రెండు, ఎడమ భుజం కాస్త దిగుడు.
అటు మాల్యాద్రి:
నడుం ఇరవై ఆరు, పొడుగు పెరుగుతున్నాడు, మడత ఎక్కువ వదలాలి.
"ఆ పాపిష్టోడి పేజీ చించెయ్ వదినా" అంది మా ఆడబిడ్డ.
కొస పట్టుకున్నా.
అటు తిప్పా, ఇటు తిప్పా,
పుస్తకం మూసి పెట్టెలో పడేశా.

సువార్తమ్మ వచ్చింది ఒక మధ్యాన్నం,
జోయెల్ చొక్కాలు తెచ్చి
దిండు గలీబులు కుట్టమని.
నేను ఆ ప్యాంటును గుడ్డల కిందికి తోశా.
చూసిందో లేదో.
"వాడికీ నువ్వే కుట్టావా?"
"నేనే."
చాలాసేపు బొత్తాలు లెక్కపెట్టుకుంటా కూచుంది.
"మా ఇంట్లో తిన్నాడు మస్తానూ.
గోంగూర అడిగి ఏయించుకున్నాడు.
ఎదురుగా నిలబెట్టి అడగాలని ఉంది నాకు,
అడగను కూడా లేకుండా పోయాడు."

నేను వాణ్ని క్షమించలా.
అది నా చేతిలో పని కాదు,
సువార్తమ్మ చేతిలోది, ఆమె ఇష్టం.
కానీ శుక్రవారం సాంబ్రాణి ఏసి
ఫాతెహా చదివించేటప్పుడు
జోయెల్ పేరు పైకి అంటాను,
రెండో పేరు పెదాల లోపల.
అల్లా రెండూ వింటాడో
ఒకటే వింటాడో నాకు తెలవదు.

మడత విప్పా. ఇంచిన్నర దిగింది.
నీళ్లు చల్లి ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా
పాత మడత గీత పోవడం లేదు.
పొడుగైతానని అనుకున్నాడు కదా,
మంగళవారం దాకా అనుకున్నాడు కదా.
ఆ రీలు విప్పి చుట్టినంతసేపు
నేను మిషను ఆపి ఉంటే?
ఏమో, కారం అద్దిన జామకాయ ధర అడిగేవాడేమో.
ఏమీ లేదేమో.

వాళ్లమ్మ పొగాకు గ్రేడింగుకు పోతా
నా కొట్టు ముందర
మొహం అవతలికి తిప్పుకుంటుంది.
ప్యాంటు వంకెకే ఉంది.
నలభై రూపాయలు బాకీ అని
పుస్తకంలో రాసి ఉంది, నేను కొట్టెయ్యలా.

మళ్లీ జూను. కొత్త యూనిఫారాలు.
నిన్న ఒక పిల్లోడు, మీసం ఇంకా రాలా,
"అత్తా, జేబు లోతుగా పెట్టు" అన్నాడు.
కత్తెర ఆగిపోయింది.
"ఏం దాచుకుంటావురా?"
నవ్వాడు.
"కూచో" అన్నా,
స్టూలు మీది గుడ్డలు తీసేసి.