కొలతల పుస్తకం

ఏ ఏడు ఆట బాగుందని నన్నడక్కండి.
కుట్టుమిషను పక్కన నలభై ఏళ్ళు కూచున్నవాణ్ణి,
చెవులు సగమే పనిచేస్తాయి.
పుస్తకం మాత్రం ఉంది.
పోర్టులో పారేసిన చిట్టా, వెనకవైపు పేజీల్లో
కంచరపాలెం డ్రమ్ముల దళం కొలతలు:
భుజం, ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు.

తొంభై ఒకటి.
పదకొండు మంది. ఎవరి నడుమూ ఇరవై ఎనిమిది దాటలేదు.
రైల్వే క్వార్టర్ల కర్టెన్లకని తెచ్చిన ఎర్రగుడ్డ,
మిగిలిన తాను చవగ్గా దొరికింది.
బీచ్ రోడ్డు మీద తొలిసారి నడిచారు.
కాళ్ళదో లెక్క, కర్రలదో లెక్క.
పెద్ద డ్రమ్ము మోస్తున్న బోడేసు
తన దెబ్బకి తనే ఉలిక్కిపడ్డాడు.
జనం నవ్వారు. నేనూ నవ్వాను.
చెమటకి రంగు దిగి
మెడలన్నీ కుంకం భరిణెలైపోయాయి.

తొంభై ఎనిమిది అంటారు అందరూ.
పూర్ణా మార్కెట్లో ఇప్పటికీ అదే మాట:
"అలాటి వాయింపు మల్లీ ఇన్నేదురా బాబూ!"
ఇరవై నాలుగు మంది, ఒక్కటే చప్పుడు.
లంగరేసిన ఓడల మీంచి సరంగులు వంగి చూశారట.
ఆ 'అట'ని నేను నమ్మను.
నా పుస్తకంలో ఆ ఏటి పక్కన ఒక్క ముక్కే రాసుంది:
చంకల కింద అరంగుళం వదలాలి.
మోచేతులు అంతెత్తున లేస్తాయని నాకేం తెలుసు?
నడిరోడ్డున ఆరు చొక్కాలు చిరిగాయి.
"చిరుగులోంచి గాలాడబట్టే అంత బాగా కొట్టేం"
అని దాలినాయుడు ఇప్పటికీ దెప్పుతాడు.

రెండువేల ఆరు.
బంగారు జరీ, భుజాలకి కుచ్చులు, టోపీకి తెల్ల ఈక.
డబ్బిచ్చిన చిట్‌ఫండ్ వాళ్ళు
వీపుల మీద తమ పేరు కుట్టమన్నారు. కుట్టాను.
సబ్‌మెరైన్ ముందు కర్రలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు.
ఒక్కటీ కింద పడలేదు.
ఇంటికొచ్చి పడుకున్నాను, వెంటనే నిద్రపట్టింది.

హుద్‌హుద్ ఏడు.
షెడ్డు రేకులు ఎక్కడికి పోయాయో పోయాయి.
నీళ్ళలో నానిన డ్రమ్ములు పొట్టలు ఉబ్బి తేలాయి.
డిసెంబర్లో తొమ్మిది మందే వచ్చారు,
ఎవరింటి చొక్కా వాళ్ళు తొడుక్కుని.
రోడ్డు పక్కన చెట్టన్నది లేదు,
చప్పుడు దేనికీ తగలకుండా నేరుగా నీళ్ళలోకి పోయింది.
బోడేసు డ్రమ్ము ఒక పక్కే మోగుతోంది.
రెండో పక్క మోగాల్సినప్పుడు, ఏమీ లేదు.
ఆ ఏమీ లేని చోట
తొమ్మిది మందీ ఒక్క క్షణం కాలు గాల్లో ఆపి
తర్వాత దించారు.
ఎవరూ నేర్పింది కాదు. మర్నాడు అడిగితే
"ఎక్కడాగేం? ఆగనేదే!" అన్నారు.
కొలతలు తీయలేదు గనక
ఆ పేజీలో ఏడు తప్ప ఇంకేం లేదు.
పుస్తకం తెరిస్తే అక్కడే తెరుచుకుంటుంది,
బైండింగు వదులైపోయి కాబోలు.

నిరుడు ముప్పై ఒక్క మంది.
పద్నాలుగు మంది ఆడపిల్లలు.
టేపు నా కోడలు పట్టింది, నేను రాసుకున్నాను.
తోలు పోయి ప్లాస్టిక్కు వచ్చింది,
ఫోనులో టిక్కుటిక్కుమంటుంటే సాధన చేస్తారు.
పెద్ద డ్రమ్ము బోడేసు మనవరాలిది, మోహిత.
కాళీగుడి దాటాక ఒక చోట
దళం మొత్తం ఒక్క క్షణం ఆగింది.
నా సగం చెవులకి కూడా వినబడింది.

ఆట అయ్యాక పట్టుకుని అడిగాను,
"మీ తాత నేర్పేడేటమ్మా?"
"తాతకి మోకాలు నొప్పి కదా,
మెట్టు మెట్టుకీ ఆగుతాడు.
ఆడ్ని ఎక్కిరిద్దామని ఎట్టేం" అంది,
ఐసుపుల్ల చీకుతూ.

బోడేసుకి ఈ సంగతి చెప్పలేదు.
పుస్తకంలో మాత్రం రాసుకున్నాను:
మోహిత. భుజం పద్నాలుగున్నర.
ఎడం పట్టీ కింద మెత్త వెయ్యాలి, చర్మం కమిలింది.

ఈ ఏటి కొలతలకి రేపు వస్తామన్నారు.
సుద్దముక్క తేవాలి.