లేని కాఫీ

నాకు తెలిసిన నటి ఒకావిడ, ఒబ్దూలియా క్రిసాంతో.
మెక్సికోలో ఎవర్నడిగినా ఆ పేరు తెలీదంటారు.
ముఖం చూస్తే మాత్రం
"అరే, ఈమె మా ఇంట్లో చేసేది కదూ!" అంటారు,
జన్మలో పనిమనిషిని పెట్టుకోని వాళ్ళు కూడా.

ముప్పై ఒక్క ఏళ్ళు, పంతొమ్మిది సీరియళ్ళు.
తోన్యా, హసింతా, చాయో, ఇంకోసారి చాయో.
ఒక్క కథలోనూ ఇంటిపేరు లేదు.
ఇల్లే తనది కానప్పుడు ఇంటిపేరెందుకని
రచయిత జోకేశాడొకసారి. అందరికంటే ముందు ఆమే నవ్వింది.
నా చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి.
ఆ నవ్వులో ఊపిరి లేదు.

నాది చప్పుళ్ళ పని.
శాన్ ఆంహెల్ స్టూడియోలో మూడో అంతస్తు, కిటికీ లేని గది.
తెర మీద తలుపు తెరుచుకుంటే
ఇక్కడ పాత చెక్కని నేను కిర్రుమనిపిస్తాను.
నాయిక అద్దం పగలగొడితే నా వేలికి కట్టు.
ఒబ్దూలియా పళ్ళెంతో వస్తే
మైకు ముందు కాఫీ పోసేది నేను.
వేడినీళ్ళతోనే. చన్నీళ్ళ చప్పుడు వేరు,
చెవి కనిపెట్టేస్తుంది.

కప్పులెప్పుడూ ఖాళీయే.
ఒలికితే సోఫా పాడవుతుంది, సోఫా అద్దెది.
పెద్ద పెద్ద తారలు కూడా ఖాళీ కప్పుని
ఈకలా ఎత్తేస్తారు.
ఆమె మాత్రం
తలుపు వెనక ప్లైవుడ్ చీకట్లో
మేకులూ టేపుచుట్టలూ ఎవరో వదిలేసిన సోడా సీసా మధ్య
నిలబడి, ముందు మోచేతుల్లోకి బరువు తెచ్చుకునేది.
అంచుదాకా నింపుకుని అప్పుడు అడుగేసేది.
పళ్ళెం వణికేది కాదు, కాఫీ వణికేది.
లేని కాఫీ.
ఆ మణికట్టు చూసే
ఎంత పొయ్యాలో నేను తెలుసుకునేవాణ్ని.

"సెన్యోరా, ఎవరో వచ్చారు."
ఈ మాట ఎన్నిసార్లందో లెక్కపెడదామని మొదలెట్టి
నాలుగు వందల దగ్గర వదిలేశాను.
వచ్చినవాళ్ళందరికీ కథ ఉండేది:
చచ్చాడనుకున్న మొగుడు, దాచిపెట్టిన కొడుకు, కవల చెల్లెలు.
ఆమె తలుపు తీసి పక్కకి తప్పుకునేది.
ఆ తప్పుకోవడంలోనే ఉంది విద్యంతా.
కెమెరాకి అడ్డం రాకుండా, అందులోంచి జారిపోకుండా
అరచెయ్యంత చోటు.

కొయొఅకాన్ సంతలో ఓసారి
ఎవరో తెలియనావిడ తన సంచీ ఈమె చేతికిచ్చి
ముందు నడిచిపోయిందట, అలవాటుగా.
రెండు దుకాణాలదాకా మోసిందట కూడా.
"చెయ్యి దానంతటదే అందుకుంది ఫెర్మీన్,
నన్నడిగిందా ఏమన్నానా!"

పోయిన మార్చిలో, నూట పన్నెండో భాగంలో
ఆమెను తీసేశారు. ఎవరూ చెప్పలేదు.
ఇంట్లో చిక్కుడు గింజలేరుకుంటూ టీవీలో విన్నది.
దొరసాని కొత్త పిల్లతో అంటోంది:
"చాయో వాళ్ళ ఊరెళ్ళిపోయింది."
మూడు మాటలు.

ఏడుస్తూ ఉంటుందేమోనని మర్నాడు వెళ్ళాను.
తాళం.
తెల్లారకుండానే వహాకా బస్సెక్కిందని
కిందింటి దర్జీ చెప్పాడు.
నలభై ఏళ్ళుగా మొహం చూడని ఊరు.
ఎందుకంటే, "వెళ్ళకపోతే అబద్ధమైపోతుందంట," అన్నాడు,
సూదిలోకి దారం ఎక్కిస్తూ,
నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు.

మూడు వారాలకి ఫోను.
కొండగాలి. కోడి. వెనక ఎవరో జపోతెక్‌లో కేకలు.
"చెల్లెలు కాఫీ ఇచ్చింది," అంది,
"కుండలో కాచి, దాల్చినచెక్క వేసి, నిండా.
అందుకుంటూనే లంగా మీద ఒలకబోసుకున్నా.
ఎంత తేలిగ్గా ఉందనీ! నేను మోసింది ఇది కాదు."

ఫోను కప్పు పక్కన పెట్టినట్టుంది.
మళ్ళీ పోస్తున్నారు.
చిన్న చప్పుడు. దాదాపు ఏమీ లేదు.
ఇన్నేళ్ళూ నేను ఎక్కువ పోశాను.

అటువైపు ఎవరో తలుపు తట్టారు.
చెవి ఒగ్గి విన్నాను.
కుర్చీ కదల్లేదు.