మసి

నర్సంపేట దాటినంక మా తండా.
పుట్టమన్నుల మేకఎరువు కలిపి
పెండ్లికాని పిల్లలు బుట్టల్ల గోధుమలు చల్లిన్రు.
తొమ్మిది దినాలు ఉప్పులేని తిండి,
పొద్దుకు మూడుసార్లు నీళ్లు.

నా బిడ్డ నవనీత
బుట్ట ముందట ఇటుకకానిచ్చి ఫోన్ నిలబెట్టింది.
పూటకో ముక్క తీసి
తొమ్మిది దినాల తీజ్‌ను
ఇరవై సెకండ్లల్ల మొలిపిస్తదట.

నిరుడు కాలేజీల
"మీరు లంబాడోళ్లా?" అంటే
కాదన్న పిల్ల.
ఇయ్యాల అద్దాల పేటియా కట్టి
ఫోన్ ముందట గిరగిర తిరుగుతాంది.
పాట రాదు. పెదవులు కదుపుతది,
గొంతు ఎక్కడిదో.
సంతోషపడాల్నో ఏడ్వాల్నో
నాకు తెల్వలే.

"పరాయి కన్ను పడితె మొలక మాడుతదే"
మా అత్త ద్వాళి, మోచేతులదాక బలియలు.
"ఎంతమంది చూసిన్రు?"
"నలభై వేలు, దాదీ."
లెక్క అందక అత్త నా దిక్కు చూసింది.
"మనసొంటి నూట అరవై తండాలు" అన్న.
ఆ రాత్రి ఆమె
బుట్టల పక్కనే పండుకున్నది.

ఆఖరి దినం, వాగుకు పోయెముందు,
దీపం మసి వేలికద్దుకొని
మొలకలకు పెట్టలే,
పిల్ల చెంపకు పెట్టలే,
ఫోన్ ఎనుక గుండ్రటి కన్నుకు పెట్టింది.

ఆ వీడియోల వాగు లేదు, బుట్టల్లేవు,
నా బిడ్డ మొఖం లేదు.
నల్లటి మబ్బొక్కటి,
దాని లోపట
మా అత్త పాడుతాంది,
నడుమ దగ్గుతాంది.

నవనీత దాన్ని తీసెయ్యలే.
ఎంతమంది చూసిన్రో
నేనడగలే.