సప్పుడు లేని బండి

మా ఎక్సెల్ బండి నిడమనూరు కాలువ కట్ట మీద
ఆఖరి పొగ ఇడిసి పండుకున్నది.
పదమూడేండ్లు గాజులు మోసింది.
మెకానిక్ యాదగిరి ఇంజను ఇప్పి సూసి
మనిషి పోయినింట్ల మాట్లాడినట్టు మెల్లగ జెప్పిండు:
"ఇగ దీని మీద పైస పెట్టకు వదినే."

చిట్టి ఎత్తిన తొంబై ఐదు వేలు బియ్యం డబ్బాల ఉన్నయి.
వాటి మీద రెండు బండ్ల కన్ను.
మిర్యాలగూడ బైపాసు కాడ
ఏపీ ఇరవై నాలుగు నంబరు తెల్ల ఆల్టో ఒకటి.
హాలియా షోరూముల
ప్లాస్టిక్ కవరు గూడ తియ్యని కరెంటు బండి ఒకటి.

"డాక్టరు సారు నడిపిన కారమ్మా, ఒక్క చెయ్యి" అన్నడు ఖదీర్.
సీటు కింద చెయ్యి పెడితె
ఎవల పిల్లదో జడ క్లిప్పు, సగం చిరిగిన టోలు చీటి,
ఎన్నడో ఒలికిన పాల వాసన.
డాక్టరింటి పిల్లనే కావచ్చు. అడుగలె.
లింగస్వామి అప్పటికే స్టీరింగు ముందట కూసున్నడు
కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనిచ్చి.
మిల్లుల పదిహేనేండ్లు బస్తాలు మోసిన మెడ
ఎనకకు ఒరిగింది.
నాకు కాదనబుద్ధి గాలె.

వాన సంగతి నాకెరుకే.
పోయిన శ్రావణం త్రిపురారం తొవ్వల
ఉన్న ఒక్క పరదా గాజుల మీద కప్పి నేను తడిసిన.
గాజుకు నీళ్ళు పడితె ఏమైతది? ఏం గాదు.
అట్టపెట్టె నానితెనే కష్టం,
అడుగు ఊడి నెల బేరం రోడ్డు మీద పడ్తది.

కని కారుల బోయి డజను గాజులకు ఎట్ల బేరమాడాలె?
"కారేసుకొచ్చి పది రూపాయలకు ఏడుస్తవేందే" అంటది
ముకుందాపురం ముత్తమ్మ. అనకుంట ఇడువది.
బర్రెలు కట్టేసిన సందులల్ల
ఏ దర్వాజ దాక బోతది కారు?

కరెంటు బండి రాత్రంత తాగితె
ఎనభై కిలోమీటర్లు అన్నడు షోరూము పిలగాడు.
ఎనభై అంటె అరవై అనుకోవాలె.
గాజుల పెట్టె, ఎండాకాలం, నా బరువు కలిపితె యాభై.
నా ఊర్లు తిరిగి ఇల్లు చేరనీకి నలభై ఆరు.
ఆ మిగిలిన నాలుగు కిలోమీటర్ల మీద
నాకు మూడు రాత్రులు నిద్ర లేదు.
నడుమ ఆగిపోతె ఎవలింటి ప్లగ్గు అడుగాలె?
మంచినీళ్ళు అడిగినట్టు కరెంటు అడుగొచ్చునా?

అసలు భయం అది గూడ గాదు.
ఎక్సెల్ సప్పుడు మూల మలుగంగనే
పిండి చేతులు కొంగుకు తుడుసుకుంట బయటికొచ్చేటోళ్ళు.
ఇన్నేండ్లల్ల "గాజులో" అని నేను ఒక్కనాడు ఒర్రలె.
బండే ఒర్రింది.
ఇదేమో పిల్లి నడిచినట్టు నడుస్తది.
నేనొచ్చిన సంగతి ఎవలికి ఎరుకైతది?

"నడిపి సూడక్కా" అన్నడు పిలగాడు.
పెట్టె కట్టుకొనే నడుపుత అన్న.
నవ్విండు. తాడు తనే ఇగ్గి కట్టిండు.
వాగు బ్రిడ్జి దాటంగనే చక్రం గుంతల దిగింది.
ఎనక గల్లుమన్నయి.

నా గాజులే.
పదమూడేండ్లు నా ఈపుకు జానెడు దూరంల ఉన్నయి,
ఇట్ల మోగుతయని ఇయ్యాల్నే ఇన్న.
ఇంకో గుంత ఎతికి కావాల్నని దింపిన.
పక్క పొలంల నాటేసే ఆమె ఒకతి
నడుము నిగుడదీసి ఇటు సూసింది.

పైసలు కట్టి ఇంటికొచ్చిన.
లింగస్వామి ఏమనలె.
అన్నం తిని లేసి
కిటికీ కమ్మి మీద కుడి మోచెయ్యి ఆనిచ్చి కూసున్నడు,
బజారు సూస్కుంట.
గోడ పక్కన బండి పచ్చ లైటు ఎలుగుతున్నది.

నేను తువ్వాల మడతేసి
ఆ మోచేతి కింద పెట్టిన.