నిరుటి గౌను

బెటాఫు కొండల మీద జూన్ నెల చలి.
బడి వరండాలో చాప పరిచాను.
చాప మీద ఒకటే ఎర్ర గీత.
రెండేళ్ళ పిల్లను పడుకోబెట్టి
తలను ఈ అంచుకు ఆనిస్తే
మడమలు ఆ గీతను దాటాలి.
అంతే. అంకెలు లేవు.
అంకెలంటే వీళ్ళకు పన్నుల గుమాస్తా గుర్తొస్తాడు.

"బుగ్గలు చూడు, బూరెల్లా ఉన్నాయి.
నా పిల్లకేం లోటు?" అంది రాసువా.
నిజమే. మియాంగలీ బక్కది కాదు.
బక్కతనం ఎవరికైనా కనిపిస్తుంది.
ఎదగకపోవడం మాత్రం
అందరూ పొట్టిగా ఉన్నచోట దాక్కుంటుంది.
"మా అత్త పొట్టి, మా ఆయన పొట్టి,
మా దూడ కూడా పొట్టే" అంది వెనక నుంచి ఎవరో.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు చూపించింది రాసువా, గర్వంగా,
పిల్ల గౌను అంచు.
నీలం పూల గుడ్డ.
నిరుడు బంగాళాదుంపలు తవ్విన వారం కొన్నదట.
"రంగు పోయింది గానీ
ఒక్క అంగుళం కురచ కాలేదు, చూడు!"

చాప కన్నా ముందు గౌనే చెప్పేసింది.
పెన్ను చేతిలోనే ఉంది, రాయలేదు.
ఆ సంతోషం మీద చెయ్యి ఎలా వేయను?

మా ఫెనూ సంగతి చెప్పాను.
ఫెనూ అంటే మా మాటలో నిండు.
పదహారేళ్ళు వాడికి, నా గడ్డం దగ్గర ఆగిపోయాడు.
వాడి చొక్కాలు చాలాకాలం వచ్చేవి.
పొదుపు అనుకున్నాను.
మూడు పూటలా గంజన్నం, కడుపు నిండేది,
ఎముకకు ఏం అందిందో ఎవరు చూశారు.
మా కోడి పెట్టిన గుడ్లన్నీ
గురువారం సంతకే పోయేవి.

ఈసారి ఎవరూ నవ్వలేదు.
రాసువా పిల్లను పడుకోబెట్టింది.
పోయిన నెలతో రెండు నిండాయి.
మడమకీ గీతకీ నడుమ
నాలుగు వేళ్ళ ఖాళీ.
తన వేళ్ళే పెట్టి చూసుకుంది,
తీసింది, మళ్ళీ పెట్టింది,
ఈసారి దగ్గరగా నొక్కి.

నెల తిరిగాక
పిల్లతో పాటు పక్కింటి ఫారా మనవణ్ణి కూడా
చంకనేసుకుని వచ్చింది.
"వీడి లాగు చూడు, నిరుటి ఈస్టర్‌ది" అంది,
దొంగతనం బయటపెడుతున్నట్టు, గొంతు తగ్గించి.

గుడ్ల సంగతి నేను అడగలేదు.
సంతలో ఆమె బుట్ట తేలికైందని విన్నాను.

వానలు పట్టుకున్నాక, డిసెంబరులో,
నీలం పూల గౌను మోకాలి పైకి ఎక్కింది.
"గుడ్డ ధర తెలుసా నీకు?"
అందరి ముందూ నా మీద కేకలేసింది రాసువా,
రెండు చేతులా ఆ అంచును కిందికి లాగుతూ.
అది రాలేదు.