పూచీ

కొళాయి తిప్పితే ఊడి చేతికొచ్చిందంట,
తడిసిన కొంగుతోనే వచ్చి
మా గడప బయట నిలబడింది
ఎదురింట్లో కొత్తగా దిగిన తిలకవతి.
"అక్కా, నీకు తెలిసిన ప్లంబరు ఎవరన్నా ఉండారా?"

ఉండారు.
మా వంటింటి అలమర తలుపు లోపలి పక్క
పెన్సిలుతో రాసిన నంబర్లు పదకొండు.
కొర్లగుంటలో నా ఇరవైయేండ్ల కాపరం
నూనె మరకలతో సహా ఆ చెక్క మీదే ఉంది.

చెంగల్రాయులుకి చెప్తా.
పొద్దున వస్తానంటే మాపటికొస్తాడు,
కానీ వస్తాడు.
మన బోరునీళ్ల ఉప్పుకి
ఏ కొళాయి ఎన్నేండ్లు బతుకుతుందో
గొంతు పట్టుకొని చూసి చెప్తాడు.
వాషరుతో పోయేదానికి కొత్త కొళాయి కొనమనడు.
ఆ మనిషి దగ్గర బేరమాడొద్దు తల్లీ,
నా మానం పోతుంది.

కరెంటుకి జిలానీ.
పనంతా అయినాక మెయిన్ మాత్రం తను వెయ్యడు,
ఎవరింటి దీపం వాళ్లే వెలిగించుకోవాలంట.
చెక్కపనికి ఏకాంబరం ఆచారి, చెవి మందం,
నువ్వు చెప్పింది చెయ్యడు,
తలుపుకి ఏం కావాలో అది చేస్తాడు.
రంగులకి నాగభూషణం.
మంచోడే. వాళ్ల బామ్మర్ది కాదు.
డబ్బా మూత నీ ముందరే తెరిపించు.

ఒక నంబరు కొట్టేసుంటుంది,
కొట్టేసినా కనబడతానే ఉంటుంది.
టైల్సు భక్తవత్సలం.
నా ఇంట్లో బాగా పరిచినాడు కదా అని
నేనే పంపినా ప్రమీలక్క ఇంటికి.
ఆమె బాత్రూములో వాటం తప్పింది.
నీళ్లు తూము వైపు పోకుండా
గడప వైపు నడిచొస్తాయి, పిలవని చుట్టాల మాదిరి.
ఎనిమిదేండ్లయింది.
ఏమీ అనదు ఆమె. కరివేపాకు అడిగితే ఇస్తుంది.
పొద్దున నీళ్లు తోసేటప్పుడు మాత్రం
చీపురు గట్టిగా తోస్తుంది,
ఆ బరబర గోడ దాటి
నా కాఫీ గ్లాసులోకి వస్తుంది.

పేరు చెప్పడమంటే ఏందనుకున్నావు,
ఒకరి అప్పుకి మనం సంతకం పెట్టినట్టు.
వాడు కట్టకపోతే
నోటీసు మన ఇంటికొస్తుంది.

ఇందులో సగం చెప్పినా, సగం మింగినా,
చెంగల్రాయులుకి ఫోను చేసినా.
"ఎదురిల్లు. కొత్తోళ్లు. కొళాయి."
అవతల లీలామహల్ సర్కిల్ హారన్లు.
కాసేపు పలకలా.
"అక్కా, మనుషులెట్లాంటోళ్లు?"

నాకర్థం కాలా.

"అదే… రేపు రా, ఎల్లుండి రా అనే రకమా?
నీళ్లడిగితే ఏ గ్లాసులో ఇస్తారు?
పోయినసారి నువ్వు పంపిన మేడింట్లో
ఇంకా పద్నాలుగు వందలు రావాల.
నీ పేరు చెప్పినారని పోయినా.
అడిగితే నీకు కష్టమని అడగలా."

మేడింటి సుగుణమ్మ.
దినమ్మూ నాతో నడకకొచ్చే మనిషి.
ఈ పనోళ్లంతా దొంగలు వదినా అంటుంది,
చెప్పుల చప్పుడుకి తగినట్టు
నేను ఊ కొడతా.

రెండేండ్లు.
అతను నా పేరు ఏ తలుపు లోపలి పక్క
రాసుకున్నాడో,
కొట్టెయ్యలేదు.

తిలకవతి కొంగు పిండుకుంటా
నా మొగమే చూస్తా ఉంది.
ఆమె ఎట్లాంటిదో నాకేం తెలుసు?
దిగి తొమ్మిది దినాలు.
చెత్తబండి తోసే పిల్లని
"నీ పేరేంది మ్మా" అని అడగడం విన్నా ఒకసారి.
అంతే.

"మంచోళ్లే," అన్నా.
"నాది పూచీ."

ఫోను పెట్టేసి పెన్సిలు వెతికినా.
పన్నెండో వరసలో సుగుణమ్మ అని రాసి
పక్కన పద్నాలుగు వందలు.
ఈ పనికి పిలిచేదానికి
నా దగ్గర ఎవరి నంబరూ లేదు.
రేపు పొద్దున నడకలో
లీలామహల్ మలుపు తిరిగే లోపల
నేనే అడగాల.