పొల్లు

రాత్రి వానకి కరెంటు పోయి వచ్చినందుకో,
మరెందుకో గానీ
పొద్దున తెరిచేసరికి లాప్‌టాప్‌లో పొల్లు పడటం లేదు.

ఒక్క మీట.
ఒత్తులన్నీ దాని చలవతోనే బతుకుతున్నాయని
పన్నెండేళ్ళుగా డీటీపీ చేస్తున్నా తట్టలేదు.

చిక్కడపల్లి కాస్తా చికకడపలలి.
అప్పు, అపపు.
పెద్దకర్మ కార్డు కోసం స్టూలు మీద కూర్చున్నాయన
తెర వైపు వంగి
"మా అక్క పేరు అది కాదమ్మా" అన్నాడు మెల్లగా.

వజ్రమ్మ.
వజరమమ.
నాలుగుసార్లు కొట్టాను. నాలుగుసార్లూ
ఆమె అతుకులూడి
ఏ అక్షరానికా అక్షరం విడిపోయింది.

సాయంత్రానికి రెండొందల కార్డులు కావాలి.
సిటీబస్సులో లాప్‌టాప్ నా ఒళ్ళో, జ్వరమొచ్చిన పిల్లలా.
నాకు జీరో టికెట్టు, ఆయనకి పాతిక.
దారంతా ఏం మాట్లాడలేదు.
ముషీరాబాద్ దాటాక మాత్రం
"మా అక్కకి చదువు రాదు" అన్నాడు.

పార్క్‌లేన్‌లో, మెట్ల కింది కొట్లో
ముజ్తబా అనే కుర్రాడు
ఊదాడు, దులిపాడు, మీట పెకలించి
పట్టకారుతో ఎత్తి చూపించాడు:
ఎండిపోయిన ఎర్రచీమ.
"గింత దానికి గంత పరేషానా మేడమ్?"

బిగించి, కొట్టి చూడమని నా వైపు తిప్పాడు.
ఏం కొట్టాలో తోచలేదు.
వెనక నుంచి ఆయనే అందించాడు,
పొద్దుటి నుంచీ చూసి నేర్చుకున్నట్టున్నాడు:
వ. జ. పొల్లు. ర.
మ. పొల్లు. మ.

ముజ్తబా వంద అన్నాడు.
ఆయన జేబు తడుముకోవటం ఆపి
తెర మీద, మ కింద వేలాడుతున్న ఒత్తుని
వేలితో ముట్టుకున్నాడు.